పాలపిట్టకి రామచిలుక ఏమవుతుంది?



మన స్కూల్ బ్రాంచ్‌లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అందుకని జీకే పీరియడ్‌లో ఒక ప్రశ్నకి మాకు రెండు జవాబులుంటాయి. "మన రాష్ట్ర పక్షి ఏది?" అంటే తెలంగాణ బ్రాంచ్‌లో పాలపిట్ట, ఆంధ్రప్రదేశ్ బ్రాంచ్‌లో రామచిలుక. మీరు చదువుకున్న రోజుల్లో ఉమ్మడి రాష్ట్రం కాబట్టి అందరికీ పాలపిట్టే. 2014లో తెలంగాణ దాన్నే తన పక్షిగా ప్రకటించుకుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకని ఎంచుకుంది. హోంవర్క్ దగ్గర నాన్న ఒకటి చెబితే పుస్తకంలో ఇంకొకటి ఉందని పిల్లలు వచ్చి చెబుతుంటారు. ఎవరూ తప్పు కాదు, సిలబస్ మారింది, అంతే.

ఈ రెండు పక్షులూ నాకు ఇంకో పనికి కూడా ఉపయోగపడతాయి. హైస్కూల్ పిల్లలకి క్లాసిఫికేషన్ పాఠం మొదలుపెట్టే రోజు వీటి ఫొటోలు రెండూ బోర్డు మీద పక్కపక్కన అంటిస్తాను. కింద ఒకే ప్రశ్న రాస్తాను: ఇవి బంధువులా, కాదా?

క్లాసులో ఎక్కువమంది బంధువులే అంటారు. కారణాలు కూడా చెబుతారు. రెండూ రంగురంగుల పక్షులు. రెండూ చెట్టు తొర్రలో గూడు పెడతాయి. రెండింటి గుడ్లూ తెల్లగానే ఉంటాయి. రెండూ మన ఊళ్లలోనే ఏడాది పొడుగునా కనిపిస్తాయి. ఈ మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. పైగా ఈ జవాబు చెప్పిన మొదటివాళ్లు మన పిల్లలు కారు. జీవులన్నిటికీ శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లో వేసిన పుస్తకంలో చిలుకలు, పాలపిట్ట, కాకులు, కోకిలలు, వడ్రంగి పిట్టలు, లకుముకి పిట్టలు అన్నీ ఒకే ఆర్డర్‌లో ఉన్నాయి. దానికి ఆయన పెట్టిన పేరు పైకే. ఇంకా విచిత్రం, మన పాలపిట్టని ఆయన ఏకంగా కాకుల ప్రజాతిలో వేసి 'కోర్వస్ బెంగాలెన్సిస్' అన్నాడు. అంతకుముందు ఇంగ్లండ్‌లో ఒకాయన అచ్చువేసిన 'బెంగాల్ జే' అనే పక్షి బొమ్మ, వర్ణన ఆయనకి ఆధారం. జే అంటే కాకుల కుటుంబంలో ఒక పక్షి.

ఈ 'జే' అన్న మాట ఇప్పటికీ మనల్ని వదల్లేదు. బ్రిటిష్ వాళ్లు ఇక్కడ పాలపిట్టని 'బ్లూ జే' అని పిలిచేవాళ్లు. పాత జీకే పుస్తకాల్లో, వాటిని చూసి కొట్టిన కొన్ని కొత్త వాటిలో కూడా ఆ పేరే ఉంటుంది. మీ అబ్బాయి ఆ పేరుతో ప్రాజెక్టు కోసం ఫోన్‌లో వెతికితే అమెరికాలో ఉండే వేరే పక్షి బొమ్మలు వస్తాయి. చార్టు మీద ఆ బొమ్మ అంటించుకుని వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఒకరిద్దరుంటారు. 'ఇండియన్ రోలర్' అని వెతకమనండి. జత కట్టే కాలంలో ఆకాశంలోకి ఎగిరి, దొర్లుతూ కిందికి దిగడం దాని అలవాటు. ఇంగ్లిష్ పేరు అందుకే వచ్చింది. మన పేరు వెనక వేరే కథ ఉంది. ఈ పిట్ట ఈకలు మేతలో కలిపి పెడితే ఆవు పాలు ఎక్కువ ఇస్తుందని పాతకాలంలో ఒక నమ్మకం.

పేర్ల దగ్గరికి వచ్చాం కాబట్టి శాస్త్రీయ నామాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పిల్లలు భయపడేది ఇక్కడే. నిజానికి తెలుగువాళ్లకి ఇది అందరికంటే సులువుగా రావాలి. మనం ఇంటిపేరు ముందు చెప్పి తర్వాత అసలు పేరు చెబుతాం. శాస్త్రీయ నామం కూడా అంతే. పాలపిట్ట పేరు ఇప్పుడు కొరాసియాస్ బెంగాలెన్సిస్. కొరాసియాస్ అన్నది ప్రజాతి, అంటే ఇంటిపేరు. బెంగాలెన్సిస్ జాతి పేరు, అంటే అసలు పేరు. రామచిలుక సిట్టాక్యులా క్రామెరి. ఇంటిపేర్లు వేరు. తర్వాతి శాస్త్రవేత్తలు పాలపిట్ట ఇంటిపేరు మార్చినా, లిన్నేయస్ పెట్టిన అసలు పేరు అలాగే ఉంచారు. ఇది కూడా మన ఇళ్లలో జరిగే పద్ధతే!

ఇంటిపేరు పైన కుటుంబం, కుటుంబం పైన క్రమం, దానిపైన తరగతి. పుస్తకంలో ఫ్యామిలీ, ఆర్డర్, క్లాస్ అని ఉండేవి ఇవే. పాలపిట్ట, రామచిలుక రెండూ ఏవీస్ అనే క్లాస్‌కి, అంటే పక్షులకి చెందినవి. అక్కడి వరకు ఒకే దారి. ఆ తర్వాత దారులు చీలిపోతాయి. పాలపిట్ట క్రమం కొరాసియిఫార్మిస్, కుటుంబం కొరాసియిడే. రామచిలుక క్రమం సిట్టాసిఫార్మిస్, కుటుంబం సిట్టాక్యులిడే. పాత పుస్తకాల్లో చిలుకలన్నిటినీ సిట్టాసిడే అనే ఒకే కుటుంబంలో వేసేవారు, తర్వాత విడదీశారు. మీ ఇంట్లో ఉన్న గైడ్‌లో పాత పేరు ఉంటే కంగారు పడకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. తొర్ర గూడు, తెల్ల గుడ్డు, రంగులు ఇన్ని కలుస్తుంటే బంధువులు ఎందుకు కాకూడదు?

క్లాసులో నేను ఇచ్చే ఉదాహరణ యూనిఫారం. ఉదయం గేటు దగ్గర నిలబడి చూస్తే రెండు వేలమంది ఒకే రంగు చొక్కాల్లో వస్తారు. చొక్కా చూసి వీళ్లంతా ఒక అమ్మ పిల్లలని ఎవరూ అనుకోరు. ఒకే చోటికి, ఒకే పనికి వస్తున్నారు కాబట్టి ఒకే బట్టలు. తొర్రలో గూడు పెట్టడం కూడా అలాంటి యూనిఫారమే. తొర్ర లోపల చీకటి. శత్రువు కంటపడకుండా గుడ్డు మీద మచ్చలు, రంగులు వేసుకోవాల్సిన అవసరం తక్కువ. అందుకే తొర్రల్లో పెట్టే చాలా రకాల పక్షుల గుడ్లు తెల్లగా ఉంటాయి. గుడ్లగూబవీ అంతే, వడ్రంగి పిట్టవీ అంతే. పనివల్ల వచ్చిన పోలిక వేరు, పుట్టుకవల్ల వచ్చిన పోలిక వేరు. క్లాసిఫికేషన్ పాఠం మొత్తానికి పిల్లలు పట్టుకోవాల్సింది ఈ ఒక్క తేడానే. "తేడాలు రాయండి, నాలుగు మార్కులు" అని రెండు గడుల పట్టిక బట్టీ పట్టిస్తే మార్కులు వస్తాయి గానీ ఇది రాదు. మార్కులు వద్దని నేననను, మీరూ అనరు. పట్టిక రాసేముందు ఒకసారి పక్షి వైపు చూడమంటున్నానంతే.

చూడటం కాళ్ల దగ్గర మొదలుపెట్టండి. పాలపిట్టకి ముందుకి మూడు వేళ్లు, వెనక్కి ఒకటి. ముందు వేళ్లలో లోపలి రెండూ మొదట్లో కలిసి ఉంటాయి. దానికి కాలు నిలబడటానికే. కరెంటు తీగ మీదో, పొలం గట్టున స్తంభం మీదో కూర్చుని కింద మిడత కదిలేదాకా కనిపెట్టుకుని ఉంటుంది, దిగి ముక్కుతో పట్టుకుంటుంది, దేనికో కొట్టి మింగుతుంది. చిలుక కాలు అలాంటిది కాదు. ముందుకి రెండు వేళ్లు, వెనక్కి రెండు. కాయని పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది. ముక్కు చూస్తే ఇంకా తేడా. చిలుక పైముక్కు పుర్రెకి తలుపు బందులా కదులుతుంది. గింజ పొట్టు ఒలవడానికి, కొమ్మ పట్టుకుని పైకి పాకడానికి కూడా అదే సాధనం. పాలపిట్ట ముక్కు పురుగుని గట్టిగా పట్టడానికి చేసినట్టుంటుంది, చివర కొంచెం వంపు. పాలపిట్ట జామకాయ జోలికి పోదు. చిలుక పండు మిరపకాయ కూడా హాయిగా తింటుంది. మిరపలో మన నోరు మండించే పదార్థం పక్షుల నరాలకి అంటదు, అందుకని దానికి గుంటూరు మిర్చి అయినా ఒకటే.

కాళ్లు, ముక్కు చూడగానే వేరు వేరు అని తేలిపోయింది కదా అంటారు పిల్లలు. ఇక్కడ తొందరపడితే మళ్లీ దెబ్బ తింటాం. ముందు రెండు, వెనక రెండు వేళ్లు వడ్రంగి పిట్టకీ ఉన్నాయి, కోకిలకీ ఉన్నాయి. ఆ లెక్కన చిలుక, వడ్రంగి పిట్ట, కోకిల ఒక కుటుంబం కావాలి. కావు. అవి మూడూ వేరు వేరు క్రమాలు. కాలు కూడా ఒక్కోసారి యూనిఫారమే.

రంగు సంగతి నాకు చాలా ఇష్టం, కొంచెం ఎక్కువ చెబుతాను. పాలపిట్ట రెక్క విప్పితే కనిపించే నీలంలో నీలిరంగు పదార్థం ఏమీ లేదు. ఈక లోపల అతి సన్నని గాలి గదులున్న నిర్మాణం ఉంటుంది. వెలుగు దానికి తగిలి నీలం మాత్రమే మన వైపు తిరిగి వస్తుంది. దారిలో నీలపు ఈక రాలి ఉంటే, ఎదురు వెలుగు పెట్టి చూపించండి, నీలం పోయి గోధుమరంగులోకి వస్తుంది. చూసి అక్కడే వదిలేయండి. చిలుక పచ్చదనంలో కూడా ఇలాంటి నీలం ఉంది. దానిపైన పసుపు పదార్థం కలిసి పచ్చ అవుతుంది, డ్రాయింగ్ క్లాసులో నీలం పసుపు కలిపినట్టే. ఆ పసుపుని చిలుక తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. దాన్ని సిట్టాకోఫుల్విన్ అంటారు. ఇది చిలుకల్లో తప్ప ఇంకే పక్షిలోనూ లేదు. పుట్టుకతో లోపం వల్ల ఆ పసుపు తయారుకాని రామచిలుకలు నీలంగా పుడతాయి. నీలి నిర్మాణం రెండింటికీ ఉండటం ఏ బంధుత్వాన్నీ చెప్పదు, అది చాలా పక్షుల్లో విడివిడిగా వచ్చింది. చిలుకలన్నిటికీ ఆ ప్రత్యేకమైన రంగు ఉండటం మాత్రం అవన్నీ ఒక ఇంటివని చెబుతుంది.

మరి ఏ పోలిక నమ్మాలో, ఏది నమ్మకూడదో శాస్త్రవేత్తలకి ఎలా తెలుస్తుంది? టీచర్లకి తెలిసినట్టే. యాభై ఆన్సర్ షీట్లు దిద్దేటప్పుడు ఇద్దరు ఒకే సరైన జవాబు రాస్తే నాకు ఏ అనుమానమూ రాదు, ఇద్దరూ చదివి ఉంటారు. అదే ఇద్దరూ ఒకే మాటని ఒకే చోట ఒకే విధంగా తప్పు రాస్తే? ఒకసారైతే పొరపాటు. అలాంటివి పది కలిస్తే ఇద్దరి ముందూ ఒకే పేపర్ ఉందన్నమాట. డీఎన్‌ఏ కూడా తరం తరానికీ ఎత్తిరాసుకునే నోట్సు లాంటిది. రాసేటప్పుడు అక్కడక్కడ అక్షరాలు మారతాయి, ఆ మార్పు తర్వాతి తరాలకీ వెళ్తుంది. రెండు జాతుల్లో అలాంటి మార్పులు వేల చోట్ల కలిస్తే వాటికి దగ్గరి పూర్వీకులు ఒకరే.

2014లో శాస్త్రవేత్తలు 48 రకాల పక్షుల మొత్తం డీఎన్‌ఏ చదివి పోల్చారు. చిలుకల తరఫున అందులో మన బజార్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జెరిగార్ ఉంది. పాలపిట్ట క్రమం తరఫున ఒక బీ-ఈటర్, అంటే మన పసిరిక పిట్టకి ఆఫ్రికాలో ఉండే చుట్టం ఉంది. అంతకుముందు 2008లో 169 రకాల పక్షులతో, తర్వాత 2024లో 363 రకాలతో ఇలాంటి పోలికే చేశారు. కొన్ని కొమ్మల దగ్గర వాళ్లలో వాళ్లకి తేడాలున్నా మన ప్రశ్నకి మాత్రం జవాబు ఒకటే వచ్చింది. చిలుకకి అతి దగ్గరి చుట్టాలు పాసెరిఫార్మిస్ అనే క్రమం. అందులో ఎవరున్నారంటే పిచ్చుక, గోరింక, కాకి. ఆ తర్వాతి దగ్గరి చుట్టాల్లో ఫాల్కన్లున్నాయి. గద్ద జాతి పక్షులకీ వీటికీ కలిపి మనం డేగ అనేస్తాం గానీ, ఫాల్కన్‌కి గద్ద దూరం, చిలుక దగ్గర.

పాలపిట్ట వేరే కొమ్మ. లకుముకి పిట్ట, పసిరిక పిట్ట దాని క్రమంలోవే. ఆ క్రమానికి దగ్గరి చుట్టం వడ్రంగి పిట్ట. కాకి ఇంటిపేరుతో పుస్తకానికెక్కిన పాలపిట్ట కాకికి దూరమైంది. ఆ పక్కన కూర్చున్న పచ్చ చిలుక కాకికి దగ్గరైంది. ఈ రెండు కొమ్మలూ విడిపోయి సుమారు 6 కోట్ల ఏళ్లు, అంటే డైనోసార్లు పోయిన తర్వాత ఎంతో కాలం కాకముందే. బోర్డు మీద ఈ చెట్టు గీసినప్పుడు క్లాసులో వినిపించే "అబ్బో" కోసమే నేను ఈ పాఠం చెబుతానేమో అనిపిస్తుంది.

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అడిగారు: "బాగుంది మేడమ్, ఇది తెలిసి ఏం లాభం?" సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. పరీక్షకి ఒక లాభం ఉంది. పోటీ పరీక్షల్లో "కింది వాటిలో వేరైనది ఏది" తరహా ప్రశ్నలు ఇక్కడి నుంచే వస్తాయి. పరీక్ష బయట ఇంకొకటుంది. రెండింటినీ రంగు పిట్టలు అని ఒకే గాటన కట్టేస్తే ఒకదానికి వచ్చిన కష్టం మనకి కనబడదు. చిలుక గింజలు, పండ్లు తిని నగరంలో కూడా సర్దుకుపోయింది. మనుషులు తీసుకెళ్లి వదిలితే లండన్ పార్కుల్లో కూడా గుంపులుగా పెరిగింది. పాలపిట్టకి పురుగులుండే బయలు పొలం కావాలి, కనిపెట్టుకుని కూర్చోడానికి ఒక ఎత్తు కావాలి, పక్కన తొర్ర ఉన్న పాత చెట్టు కావాలి. దేశంలో పాలపిట్టలు బాగా తగ్గిపోతున్నాయని 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక చెప్పింది. చిలుకని చూసి "పక్షులు బానే ఉన్నాయిగా" అనుకుంటే ఈ సంగతి తెలియదు.

దసరా దగ్గరికి వచ్చినప్పుడు ఇంకో విషయం ఉంటుంది. జమ్మి పూజ తర్వాత పాలపిట్టని చూడటం శుభమని మన పెద్దలు చెప్పారు. అజ్ఞాతవాసం ముగించుకుని వచ్చే పాండవులకి అది కనబడిందని కథ. చూడటానికి ఊరి బయటికి నడిచి వెళ్లేవారు. ఇప్పుడు పట్నాల్లో కొందరు పిట్టని పట్టి, బోనులో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తున్నారు. పురుగులు పట్టుకుని తినే పక్షి బోనులో రోజుల తరబడి ఏం తింటుంది? రామచిలుకదీ అదే కథ, జాతకం చీటీ తీయడానికి ఒకటి, బాల్కనీలో అలంకారానికి ఒకటి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ రెండు పక్షులనీ పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. ఈ విషయం చాలామంది తల్లిదండ్రులకి తెలియదని నాకు ప్రాజెక్టులు చూసినప్పుడు అర్థమవుతుంది. "మా ఇంట్లో చిలుక" అని ఫొటోతో సహా రాసుకొస్తారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు, వాళ్లు కొనలేదు కదా.

ఈ నెల హోంవర్క్ ఒకటి ఇస్తున్నాను, మీరు కూడా కూర్చోవచ్చు. ఐదు పేర్లు: కాకి, లకుముకి పిట్ట, రామచిలుక, వడ్రంగి పిట్ట, పాలపిట్ట. ఫోన్ చూడకుండా, చుట్టరికాన్ని బట్టి రెండు గుంపులు చేయమనండి. చాలామంది రంగుని బట్టి కాకిని ఒక్కదాన్నే పక్కన పెడతారు. మీ పిల్లలు ఈ పేజీ చదివి ఉంటే కాకి పక్కన చిలుకని, మిగతా మూడింటినీ ఇంకో వైపు రాస్తారు. ఎందుకలా రాశారో రెండు వాక్యాలు వాళ్ల సొంత మాటల్లో రాయించండి, తెలుగైనా ఇంగ్లిషైనా పర్వాలేదు. ఆదివారం ఊరికి వెళ్లే దారిలో కరెంటు తీగల మీద చూస్తూ ఉండమనండి. కూర్చున్నప్పుడు పాలపిట్ట ఏమంత అందంగా కనబడదు, గోధుమరంగులో మొద్దుగా ఉంటుంది. ఎగిరేదాకా ఆగాలి.